కుందూ తీరమున పన్నుల భారము



పన్నులను గూర్చి మనకు సాధారణముగా వినవచ్చు వార్తలు రెండు తెఱగులవి. బడ్జెటు నాడు ఏ వస్తువు వెల పెరుగునో, ఏది తగ్గునో తెలుపు పట్టిక యొకటి. నెల ముగిసిన పిమ్మట ఖజానాకు ఎన్ని కోట్లు చేరినవో తెలుపు లెక్క మరియొకటి. ఈ రెంటి నడుమ, ఆ వెలలను చెల్లించి ఆ లెక్కను నింపుచున్న కుటుంబమొకటి కలదు; దానిని గూర్చి వార్త రాదు. కూలి చేతికందిన సాయంకాలము కిరాణా కొట్టుకు పోయి, బియ్యము, నూనె, సబ్బు కొనుక్కొని, మిగిలిన చిల్లర బిడ్డ మందుబిళ్లలకు సరిపోవునో లేదోయని లెక్కించుకొను ఆ కుటుంబము, తాను పన్ను చెల్లించుచున్నట్లు సాధారణముగా ఎఱుగనే యెఱుగదు. ఆదాయపు పన్ను కట్టువారే పన్ను కట్టువారను అపోహ మన సమాజమున బలముగా నాటుకొని యున్నది. పన్ను విధానము బీద గృహమును ఎట్లు తాకునో, ఆ గృహము క్రుంగినపుడు చుట్టునున్న అంగడియు, ఊరును, చివరకు ప్రభుత్వపు ఖజానాయు ఎట్లు క్రుంగునో చూపుటకు నేడు నంద్యాల, ఆళ్లగడ్డ సీమను గైకొనుచున్నాను. కుందూ నది పారు ఈ నల్లరేగడి లోయలో రెండు వందల యేండ్లుగా పలువిధములైన పన్నుల ప్రయోగములు జరిగినవి. వాని ఫలితములును చరిత్రకెక్కి యున్నవి.

1800 సంవత్సరమున హైదరాబాదు నిజాము ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన సీమకు దత్తమండలములని పేరు వచ్చెను. 1928లో నంద్యాలలో కూడిన ఆంధ్ర మహాసభయందు ఆ పేరును విడిచి రాయలసీమయని పిలుచుకొనుటకు మనవారు నిశ్చయించిరి. అయితే నంద్యాలయు, ఆళ్లగడ్డయు ఆనాడు కంపెనీ చేతికి పోలేదు. పొరుగుననున్న కోయిలకుంట్ల కంపెనీ క్రిందికి పోగా, నంద్యాల తాలూకాయు, ఆళ్లగడ్డ చేరియున్న సిరివెళ్ల తాలూకాయు కర్నూలు నవాబు ఏలుబడిలో 1839 వరకు నిలిచినవి. ఒకే లోయలో, ఒకే నేలలో, ఒకే జొన్నయు ప్రత్తియు పండించు రైతులు రెండు పన్నుల పద్ధతుల క్రింద బ్రదికిన కాలమది. నవాబు సీమలో శిస్తునకు హద్దు లేకుండెనని కంపెనీ అధికారులు వ్రాసినారు. అవి గెలిచినవారి వ్రాతలగుట మనము మఱవరాదు. ఏలయనగా కంపెనీ సీమలోని శిస్తు కూడ తేలికయైనది కాదు. దానికి సాక్షి కంపెనీ కలెక్టరే.

థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరు. ఆయన చేలను ఒక్కొక్కదానిని కొలిపించి, రైతు పేరట పట్టా వ్రాయించి, మధ్యవర్తి లేకుండ శిస్తు నిర్ణయించిన విధానమే రైతువారీ. తాను నిర్ణయించిన శిస్తు రైతు మోయగలిగిన దానికన్న హెచ్చుగా నున్నదని గ్రహించి, పదవిని విడుచు సమయమున, 1807లో, దానిలో నాలుగవ వంతు తగ్గింపుమని మద్రాసు ప్రభుత్వమునకు ఆయన వ్రాసెను. ఆయన వాదము నేటి ఆర్థికమంత్రులు కూడ వినదగినది. పండిన దానిలో మూడవ వంతునకు మించి ప్రభుత్వము తీసికొనినచో భూమికి విలువ యుండదు. విలువలేని భూమిని ఎవరును కొనరు, దానిమీద ఎవరును అప్పియ్యరు, అందులో బావి త్రవ్వుటకు రైతునకు ఉత్సాహమే పుట్టదు. తగ్గించినచో ఈనాడు కొంత రాబడి పోయినను, బీళ్లు సాగులోనికి వచ్చి మున్ముందు ఖజానా నిలద్రొక్కుకొనును. మద్రాసు ప్రభుత్వము ఆ మాటను చెవినబెట్టక, గ్రామములను గుత్తలకిచ్చి చూచెను. గుత్తదారులు రైతులను పిండిరి, పిమ్మట తామే చెల్లింపలేక చితికిపోయిరి. 1820లో మన్రో గవర్నరుగా తిరిగి వచ్చిన తరువాతగాని ఆ నాలుగవ వంతు తగ్గింపు రైతునకు దక్కలేదు. 1827లో ఆయన పత్తికొండలో కలరా సోకి మరణించెను. ఈ సీమలో కొందఱు తమ బిడ్డలకు మన్రోలప్పయని పేరు పెట్టుకొనిరని చెప్పుదురు. పన్ను తగ్గించిన అధికారిని ప్రజలు ఎంతకాలము తలంచుకొందురో అది చెప్పుచున్నది. అయినను సలహాకును అమలునకును నడుమ గడచిన ఆ పదమూడేండ్లలో చితికిన కాపురముల లెక్క ఏ దప్తరములోను లేదు.

శిస్తు ఎంత అనునది ఒక ప్రశ్న. అది ఎప్పుడు అనునది అంతకన్న కఠినమైన ప్రశ్న. కిస్తు గడువు సర్కారు పంచాంగము ప్రకారము వచ్చును. వాన మాత్రము ఆ పంచాంగమును చూచి కురియదు. పంట కళ్లములో నుండగనే కిస్తు కట్టవలసి వచ్చిన రైతు, అందఱును అమ్ముకొను ఆ దినములలో, వెల పడిపోయిన ధాన్యమును షావుకారునకు తెగనమ్మి, వెల పెరిగిన కాలమున అదే ధాన్యమును అప్పుచేసి కొనుక్కొనుచుండెను. కట్టలేని వానికి కలిగిన దుర్దశను 1854లో మద్రాసు రాజధానిలో నియమితమైన హింసల విచారణ సంఘము తన నివేదికలో దాచకుండ వ్రాసినది: శిస్తు బాకీకై వ్రేళ్లను కిట్టియందు బిగించుట, మెడను వంచి కాళ్లకు కట్టి ఎండలో నిలుపుట. ఆడం స్మిత్ 1776లో ప్రకటించిన గ్రంథమున, పన్నును చెల్లించువానికి అనువైన వేళయందే దానిని వసూలు చేయవలెనని ఒక సూత్రముగా చెప్పియుండెను. ఆయన దేశీయులే ఇచటికి వచ్చి ఆ సూత్రమును పాటింపకపోయిరి.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారి తిరుగుబాటును మనము శౌర్యగాథగా చెప్పుకొందుము, అది న్యాయమే. కాని దానిలో పన్నుల కథయు కలదు. ఆయన నొస్సం పాలెగాండ్ర వంశములోనివాడు. నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల పింఛను పొందుచుండెను. ఆయన వెంట నిలిచినవారిలో కట్టుబడి బంట్రోతులు పెక్కురు. గ్రామరక్షణకు ప్రతిఫలముగా వారనుభవించుచున్న ఇనాము భూములను కంపెనీ తిరిగి లాగుకొనుటతో, ఆ కుటుంబములకు బ్రదుకుతెరువు ఒక్క ఉత్తరువుతో పోయినది. 1846 జూలైలో వారు కోయిలకుంట్ల ఖజానాపై పడిరి. 1847 ఫిబ్రవరి 22న రెడ్డిగారిని కోయిలకుంట్లలో ఉరితీసిరి. ఇనాములను రద్దుచేసి పెంచుకొనదలచిన రాబడి ఎంతయో, ఆ కలతను అణచుటకు పంపిన సైన్యమునకైన వెచ్చమెంతయో ప్రక్కప్రక్కన వ్రాసి చూచిన అధికారి ఒక్కడైన నుండెనో లేదో.

ఇక కర్నూలు-కడప కాలువ, వాడుకలో కె.సి. కెనాలు, కథ. పన్నుకును కుటుంబపు శక్తికిని పొంతన లేనప్పుడు ఎంత గొప్ప నిర్మాణమైనను ఎట్లు నిష్ఫలమగునో తెలిసికొనుటకు ఇంతకన్న స్పష్టమైన దృష్టాంతము తెలుగుదేశమున నాకు కనబడలేదు. ఆర్థర్ కాటను దొర ప్రోత్సాహముతో, 1858 ప్రాంతమున, మద్రాసు ఇరిగేషను అండ్ కెనాల్ కంపెనీ యనునది ఇంగ్లండులో మూలధనము కూర్చుకొని వెలసెను. 10 లక్షల పౌనుల మూలధనముపై నూటికి 5 వంతున రాబడికి ప్రభుత్వము పూచీపడినది. సుంకేసుల వద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి, అచటినుండి కుందూ లోయ మీదుగా కడప వరకు కాలువ త్రవ్విరి. పడవలు నడచుననియు, కాలువ పొడవునను మాగాణి పచ్చబడుననియు, నీటి తీరువతోనే వాటాదారులకు లాభములు పంచవచ్చుననియు వారి ఆశ.

కాలువలో నీరు పారెను; రైతు మాత్రము ఆ నీటికై రాలేదు. సోమరితనము చేతనో, మూఢత్వము చేతనో రాలేదని ఆనాడు చెప్పినవారు లేకపోలేదు. వాస్తవమేమనగా నల్లరేగడి నేల తేమను పట్టియుంచును. సామాన్యముగా వాన పడిన యేట జొన్నయు, కొఱ్ఱయు, ప్రత్తియు నీటి తీరువ లేకుండనే పండును. మాగాణి చేయుటకు చేనును చదును చేయవలెను, ఎరువు తోలవలెను, ఎడ్లను పెంచుకొనవలెను, కూలీలకు రొక్కమియ్యవలెను; వీనియన్నిటిపై శిస్తు కాక నీటి తీరువయు కట్టవలెను. వాన చాలినంత కురిసినచో ఆ తీరువ దండుగ; వాన పూర్తిగా లేని యేట మాత్రమే దానికి ఫలము. చేతిలో రొక్కము లేని చిన్నరైతు ఆ జూదమాడుటకు ఒప్పుకొనలేదు. ఆతని లెక్క తప్పు కాదు. ఆతని యింటి స్థితికి అదియే సరియైన లెక్క. కంపెనీవారు లండనులో వేసికొన్న లెక్కయే తప్పు.

ఇందులో మఱియొక అన్యాయము కలదు. పూచీపడిన 5 శాతము వడ్డీని ప్రభుత్వము ఎచటినుండి తెచ్చి చెల్లించెను? ఈ దేశపు రాబడినుండియే. ఆ రాబడిలో ప్రధానమైనది భూమి శిస్తు. అనగా కాలువ నీరు ముట్టని రైతు కూడ ఆ కాలువకు పన్ను కట్టుచునే యుండెను. 1876లో వచ్చిపడిన ధాత కరువునాడు నీటి విలువ అందఱికిని తెలిసినది. కాని అప్పటికే కుటుంబములు శిథిలములై, పశువులు నశించి, దున్నువాడే కరవైనాడు. తుదకు 1882లో ప్రభుత్వము కంపెనీనుండి ఆ కాలువను కొనివేసెను. నంద్యాల, గోస్పాడు, సిరివెళ్ల, ఆళ్లగడ్డ ప్రాంతములలో నేడు వరిచేలు కన్నులపండువుగా నున్నవన్నచో, ఆ నీరు లాభమునకు అమ్ము సరకు కాకుండ, ప్రజల సొత్తుగా మారుటయే అందులకు ముఖ్యకారణమని నా నిశ్చితాభిప్రాయము.

ఉప్పు పన్నును గూర్చి, 1930 నాటి సత్యాగ్రహమును గూర్చి మీకు తెలియనిది లేదు. అమ్మకపు పన్ను జన్మవృత్తాంతము మాత్రము పలువురెఱుగరు. 1937లో మద్రాసు ప్రధానిగా నున్న రాజాజీగారు సేలం జిల్లాలో మద్యనిషేధము నారంభించి, పిమ్మట దానిని చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసిరి. కల్లు, సారాయి వలన వచ్చు రాబడి పోగా ఏర్పడిన లోటును పూడ్చుటకు 1939లో సాధారణ అమ్మకపు పన్నును ప్రవేశపెట్టిరి. నేడు మనము చెల్లించుచున్న వస్తుసేవల పన్నునకు, వాడుకలో జీఎస్టీకి, పూర్వరూపము ఆనాటి చట్టమే. తాగుబోతు ఇంటిని పిండుట కన్న ఊరంతటినుండి కొలదికొలదిగా తీసికొనుట మేలని ఆయన ఉద్దేశ్యము. ఆ ఉద్దేశ్యము ఉదాత్తమైనది. పిమ్మట ప్రభుత్వములు అమ్మకపు పన్నును ఉంచుకొనినవి, మద్యపు రాబడిని కూడ తిరిగి తెచ్చుకొనినవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన ఉద్యమ ఫలితముగా 1995లో రాష్ట్రమున సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. ఖజానా తట్టుకొనలేదను కారణముతో 1997లో సడలినది. మద్యముపై ఆధారపడిన ఖజానా కూలివాని ఇల్లాలి వంటకుండలోనుండి తన వాటాను తీసికొనుచున్నదని చెప్పుటకు నేను సంకోచింపను.

నంద్యాలకు ఈ చరిత్రలో మఱియొక స్థానము కూడ కలదు. ప్రధానమంత్రి పి.వి. నరసింహారావుగారిని 1991 నవంబరులో జరిగిన ఉప ఎన్నికలో లోక్‌సభకు పంపినది ఈ నియోజకవర్గమే. 1996లో మరల గెలిపించినదియు ఇదియే. ఆయన ప్రభుత్వమున డాక్టరు మన్మోహన్ సింగుగారు ఆర్థికమంత్రిగా నుండగా, రాజా చెల్లయ్యగారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము దేశపు పన్నుల వ్యవస్థకు కొత్త పునాది వేసినది. 1994లో టెలిఫోను, సాధారణ బీమా, షేరు దళారుల సేవలపై నూటికి 5 వంతున మొదలైన సేవాపన్ను ఆ సలహాల ఫలమే. 2005లో మన రాష్ట్రమున అమ్మకపు పన్ను వ్యాట్‌గా మారెను. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చెను. దానివలన మేలు లేదని నేననను. రాష్ట్రముల సరిహద్దులలో లారీలు గంటల తరబడి నిలిచియుండిన వాణిజ్యపన్నుల చెక్‌పోస్టులు తొలగినవి. పన్నుపై పన్ను పడు పాత దోషము చాలవరకు తగ్గినది. కాని వస్తువుపై పడు పన్ను కొనువాని ముఖము చూడదు. లక్ష రూపాయల జీతగాడును, ఆళ్లగడ్డ రాతి దుమ్ములో పనిచేయు కూలియు, ఒకే సబ్బుకు ఒకే పన్ను కట్టుదురు. ఆ జీతగాని ఆదాయములో అది లెక్కకు రాదు. కూలివాని ఆదాయములో అది కనబడును, ఏలయనగా ఆతడు తెచ్చినదంతయు తిండికిని, నిత్యావసరములకును వెచ్చింపక తప్పదు.

బియ్యపు బస్తా ఉదంతమును కొంత వివరముగా చెప్పవలెను. నంద్యాల సోనా, కర్నూలు సోనా అని తెలుగునాట అంతటను పేరుపొందిన బియ్యము ఈ కాలువల క్రింద పండినదే. మొదట రిజిస్టరైన బ్రాండు పేరుతో అమ్ము బియ్యమునకే 5 శాతము పన్ను ఉండెను. 2022 జూన్ చివర చండీగఢ్‌లో సమావేశమైన జీఎస్టీ మండలి నిర్ణయము ననుసరించి, జూలై 18 నుండి, ముందుగా తూచి, చీటీ అంటించి కట్టిన బియ్యము, పప్పు, పిండి, పెరుగు మొదలగు వానికన్నిటికిని, బ్రాండు ఉన్నను లేకున్నను, 5 శాతము పన్ను వేసిరి. ధాన్యముల విషయమున 25 కిలోల వరకు ఉన్న సంచికే ఈ పన్ను. అంతకు మించినచో లేదు. కొలదిదినములలోనే అంగళ్లకు 26 కిలోల బస్తాలు వచ్చినవి. మిల్లువారిని నేను తప్పుపట్టను. చట్టము ఇచ్చిన దారిలోనే వారు నడచిరి. కాని ఫలితమేమి? 26 కిలోల బస్తాను ఒక్కమాఱు వెలపెట్టి కొనగల గృహస్థునకు పన్ను లేదు. అంత రొక్కము చేత లేక, పెట్టుకొనుటకు ఇంటిలో చోటును లేక, 5 కిలోల సంచియో 10 కిలోల సంచియో తెచ్చుకొను కుటుంబమునకు పన్ను కలదు. కిలో 60 రూపాయలనుకొందము. 10 కిలోల సంచిపై 30 రూపాయల పన్ను. అది ఒక చిన్న సంసారమునకు ఒకపూట కూరగాయల వెల. విడిగా తూచి అమ్మునపుడు పన్ను లేదు గదా యని చట్టము తెలిసినవారు జవాబిత్తురు. నిజమే. అయితే తూకములో మోసమును, కల్తీని తప్పించుకొనుటకై కట్టిన సంచిని కొనుడని వినియోగదారునకు బోధించుచున్న ప్రభుత్వమే, ఆ బోధను విని నడచుకొన్న బీదవానిపై పన్ను వేయుట ఏమి నీతి? చౌకదుకాణపు బియ్యము 2023 జనవరి నుండి జాతీయ ఆహారభద్రత చట్టము క్రింద ఉచితముగా దొరకుచున్నది. అది ఎంతయు శ్లాఘనీయము. కాని నెల పొడవునను దానితోనే సరిపెట్టుకొను ఇండ్లు అరుదు. మిగిలిన దినములకు అంగడియే గతి.

ఇక ఆళ్లగడ్డ శిల్పుల మాట. కర్నూలు నుండి కడపకు పోవు రహదారిపై ఈ ఊరు సమీపించగానే ఉలిదెబ్బల చప్పుడు వినబడును. కృష్ణశిలలో మలచిన వేంకటేశ్వరులు, నరసింహులు, నందులు, నాయకుల నిలువెత్తు విగ్రహములు బారులుతీరి కనబడును. ఆళ్లగడ్డ రాతి శిల్పమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఇచటి విగ్రహములు విదేశములలోని తెలుగువారి ఆలయములకు కూడ పోవుచున్నవి. 2018 జూలైలో జీఎస్టీ మండలి రాతితోను, పాలరాతితోను, కొయ్యతోను చేసిన దేవతావిగ్రహములపై పన్నును పూర్తిగా తొలగించినది. స్త్రీల శానిటరీ నాప్కిన్లపై పన్ను తొలగినదియు ఆ సమావేశముననే. శిల్పికి పన్ను బాధ తీరినదని అందఱును అనుకొనిరి.

వాస్తవమున జరిగినది వేరు. విగ్రహముపై పన్ను లేదు గాని, శిల్పి కొను గ్రానైటు దిమ్మెపై 12 శాతము, రాతిని కోయు యంత్రముపై 18 శాతము పన్ను ఉండనే యుండెను. అమ్ము వస్తువుపై పన్ను ఉన్నవాడు, తాను కొన్నవానిపై చెల్లించిన పన్నును అందులోనుండి మినహాయించుకొనవచ్చును. జీఎస్టీకి ప్రాణమైన సూత్రమిదియే. అమ్ము వస్తువు మినహాయింపు పొందినచో ఆ హక్కు పోవును. రాతిమీద కట్టిన పన్ను శిల్పి నెత్తినే మిగిలిపోవును. దానిని వెలలో కలిపినచో ఊరి రామాలయమునకు చందా కూర్చుకొనుచున్న పల్లెవారు బేరమాడుదురు. కలుపనిచో ఆతని కూలిలో కోత. ఎగుమతి విషయమున మాత్రము చట్టము ఉదారముగా నున్నది: నమోదైన వ్యాపారి విగ్రహమును నేరుగా విదేశమునకు పంపినచో, రాతిపై కట్టిన పన్నును తిరిగి అడుగవచ్చును. అనగా అమెరికాలోని ఆలయమునకు పోవు నరసింహస్వామి రాయికి పన్ను వాపసు దొరకును. అహోబిలపు దాపున నున్న పల్లెలో నిలుపు నరసింహస్వామి రాయికి దొరకదు. చట్టము వ్రాసినవారికి ఇట్టి తలంపు ఉండియుండదు. కాని చట్టమును కాగితముపై కాక కార్ఖానాలో నిలిచి చదివినచో ఇదియే తేలును.

దేవతలు కాని విగ్రహములపై, జంతువుల బొమ్మలపై, అలంకార శిల్పములపై 12 శాతము పన్ను ఉండుచు వచ్చెను. 2025 సెప్టెంబరు 22 నుండి అది 5 శాతమునకు తగ్గినది. గ్రానైటు, పాలరాతి దిమ్మెలపైని పన్నును 12 నుండి 5కు దిగినది. ఇది నిజమైన ఉపశమనము. యంత్రములపై పన్ను మాత్రము అట్లే యున్నది.

రైతు విషయమునను ఇదియే న్యాయము. పండించిన ధాన్యముపైనను, కూరగాయలపైనను పన్ను కట్టనక్కఱలేదు గనుక ఆతడు పన్నులేని వాడని పట్టణములలో అనుకొందురు. నంద్యాల ప్రాంతపు ప్రత్తి రైతు, మిరప రైతు కొనుచున్న పురుగుమందుపై 18 శాతము పన్ను కలదు. దానిని ఆతడు ఎవరినుండియు రాబట్టుకొనలేడు. పురుగు ఉధృతముగా నున్న యేట మందును హెచ్చుగా కొనవలెను, అనగా పంట పోవుచున్న యేటనే పన్ను హెచ్చుగా కట్టవలెను. గోరుచుట్టుపై రోకటిపోటనగా ఇదియే. ట్రాక్టరుపైని, బిందుసేద్యపు పరికరములపైని పన్ను 12 నుండి 5 శాతమునకు తగ్గినందుకు సంతోషింపవలసినదే. కాని కౌలురైతు ట్రాక్టరు కొనడు, బాడుగకు తెచ్చుకొనును. ఆ బాడుగ డీజిలు వెలపై ఆధారపడును. పెట్రోలు, డీజిలు జీఎస్టీలో చేరనే లేదు. వానిపై కేంద్రపు సుంకమును, రాష్ట్రపు వ్యాట్‌ను వేఱువేఱుగా పడుచున్నవి.

ఇవియన్నియు కలిసి ఊరి ఆర్థిక జీవనమునకు ఏమి చేయుచున్నవి? బీద కుటుంబము చేతికి వచ్చిన రూపాయి ఎక్కువ దూరము పోదు. అది ఆ సాయంకాలమే కిరాణా కొట్టుకు, మఱునాడు దర్జీకి, సైకిలు మరమ్మతువానికి, టీ అంగడికి చేరును. కలవాని చేతి రూపాయి బ్యాంకులోనో, బంగారములోనో, హైదరాబాదు స్థలములోనో నిలిచిపోవచ్చును. అందుచేత ఒకే మొత్తపు పన్నును కూలివానినుండి తీసికొనుటకును, ధనికునినుండి తీసికొనుటకును ఊరి వ్యాపారముపై ఒకే ఫలితము కలుగదు. కూలివానినుండి తీసిన ముప్పది రూపాయలు నాలుగు అంగళ్లలో బేరమును తగ్గించును. నాలుగు అంగళ్లలో బేరము తగ్గినచో అచట పనిచేయు కుఱ్ఱవాని జీతము ఆగును. ఆ అంగళ్లనుండి ఖజానాకు పోవలసిన పన్నును తగ్గును. మన్రో 1807లో భూమి విషయమున చెప్పినదే నేడు అంగడి విషయమున నిజమగుచున్నది.

పన్నులే వలదని నేను చెప్పుటలేదు. ప్రభుత్వాసుపత్రియు, బడియు, కాలువ పూడికతీతయు, నంద్యాలలో 1906 నుండి పనిచేయుచున్న వ్యవసాయ పరిశోధన కేంద్రమును పన్నులతోనే నడచును. రాబడి పోయినచో ముందుగా మూతబడునవి బీదవాడు పోవు ఆసుపత్రులే. నేను అడుగుచున్నది భారమును ఎవరిపై మోపవలెనను విచారణ. 2025లో సబ్బు, తలనూనె, పండ్లపొడి, సైకిలు 5 శాతపు శ్రేణిలోనికి వచ్చుటయు, వ్యక్తుల ఆరోగ్యబీమా, జీవితబీమాలపై పన్ను తొలగుటయు సరియైన దిశలో వేసిన అడుగులే. ఆ తగ్గింపు బీద గృహమునకు చేరుచున్నదా యని మాత్రము చూచుకొనవలెను. ఐదు రూపాయల పొట్లము వెల తగ్గుట దుర్లభము. అందులోని సరకు బరువు పెరుగవలెను. పెరిగినదో లేదో పొట్లముపై ముద్రించియే యుండును. ఇంటిలో చదువుకొన్న పిల్లలచేత ఆ అంకెలను చదివించి, పాత పొట్లముతో సరిపోల్చి చూడుడని తల్లులకు మనవి చేయుచున్నాను.

జీఎస్టీ మండలిలో మన రాష్ట్రమునకును స్థానము కలదు. అచటి నిర్ణయములకు నాలుగింట మూడు వంతుల బలము కావలెను. అందులో రాష్ట్రములన్నిటికిని కలిపి మూడింట రెండు వంతుల విలువ యున్నది. రాష్ట్రములు కూడబలుక్కొని గట్టిగా అడిగినచో ఆ మాటను తేలికగా త్రోసిపుచ్చుట కష్టము. నంద్యాల జిల్లా రైతుల, శిల్పుల, మిల్లుల సంఘములవారు, వర్తకసంఘములవారు, తమ శాసనసభ్యులద్వారా రాష్ట్ర ఆర్థికమంత్రికి రెండు విన్నపములు పంపవలెను. 25 కిలోల లోపు బియ్యము, పప్పు, పిండి సంచులపై పన్నును తొలగించుట మొదటిది. దేవతావిగ్రహములు చేయు చిన్న శిల్పికి, ఎగుమతిదారునకు వలెనే రాతిపైని, దానితోడు యంత్రములపైని కట్టిన పన్నును వాపసు ఇచ్చు మార్గము చూపుట రెండవది. ఇవి ఖజానాను కూల్చునంతటి కోరికలు కావు. మండలి మరల కూడుటకు ముందే ఈ విన్నపములు మంత్రిగారి బల్లపైకి చేరునట్లు చూడవలసినదిగా ఆ సంఘముల పెద్దలను ప్రార్థించుచున్నాను.